రక్తం ఇచ్చారు, జవాబేదీ?

ఉద్దానంలో మూత్రపిండాల జబ్బుకు కారణమేమిటన్న ప్రశ్న పాతదే. రెండు దశాబ్దాలకు పైగా పరిశోధక బృందాలు వస్తున్నాయి, పోతున్నాయి. కవిటి, కంచిలి, సోంపేట, వజ్రపుకొత్తూరు మండలాల్లో రక్తం తీశారు, బావినీరు సీసాల్లో నింపుకుని వెళ్ళారు. నీటిలోని సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో చెమటోడ్చి నీరు చాలినంత తాగకపోవడమన్నారు, వంశపారంపర్యమన్నారు. ఏదీ ఇదమిత్థమని తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం నీటిని గ్రామాలకు తెచ్చే పథకమూ అప్పుడే మొదలైంది. సంతోషమే.

అయితే రక్తం పట్టుకెళ్ళినవారిలో, ఏం తేలిందో చెప్పడానికి తిరిగి వచ్చినవారు తక్కువన్నది గ్రామస్థుల ఫిర్యాదు. అందులో న్యాయం ఉంది.

పరిశోధనలో రోగికి భాగం ఉండాలనడం మర్యాద కోసం కాదు. కొబ్బరి, జీడితోటల్లో పనిచేసే మనిషికి మధ్యాహ్నం దాకా తాను ఎన్ని నీళ్ళు తాగుతాడో తెలుసు. ఏ బావి మానేసి ఏ బోరు నీరు పట్టడం మొదలుపెట్టారో తెలుసు. ఒళ్ళునొప్పులకు డాక్టరు చీటీ లేకుండా కొని మింగిన మాత్రల సంగతి కాగితం పట్టుకుని వచ్చిన కొత్త మనిషికి చెప్పడు. తనతోపాటు డయాలసిస్‌కు వచ్చే పొరుగువాడు అడిగితే చెబుతాడు. ఆ మాత్రలు మూత్రపిండాలకు చేటని వైద్యులు చెబుతున్నదే కదా! వలస వెళ్ళినవారు ఊళ్ళో లేని నెలలో సర్వే పెడితే లెక్క తప్పుతుందని ఊరివారే చెప్పగలరు. జబ్బు సంగతి నలుగురికీ తెలిస్తే పిల్ల పెళ్ళి ఆగుతుందన్న భయమూ వారికే తెలుసు.

వైద్యం చదవనివారికి పరిశోధన ఏం తెలుస్తుంది అనేవారున్నారు. 1980లలో అమెరికాలో ఎయిడ్స్ రోగులు మందుల పరీక్షలు ఎలా జరగాలో పోట్లాడి చెప్పారు, తర్వాత పరిశోధన సంఘాల్లోనే చోటు సంపాదించారు. మన దేశంలోనూ మందుల పరీక్షలను అనుమతించే నైతిక సంఘంలో సామాన్య పౌరుడు ఒకరు ఉండాలని 2019 నాటి నిబంధనలు చెబుతున్నాయి. ఆ సామాన్యుడు పట్నంలోని ఏ విశ్రాంత ఉద్యోగో అయితే ఉద్దానానికి ఒరిగేదేమిటి?

పలాస కేంద్రం అధికారులు చేయదగిన పని ఒకటుంది. ప్రశ్నపత్రం అచ్చు వేయకముందే డయాలసిస్ చేయించుకుంటున్నవారిలో ఇద్దరు ముగ్గురిని, వారి ఇంటి ఆడవారిని ఒకరిద్దరిని పిలిచి కూర్చోబెట్టాలి. ఆ రోజు కూలి, బస్సు చార్జీ ఇవ్వాలి. తేలిన సంగతులు ఇంగ్లీషు వైద్య పత్రికలకు వెళ్ళినప్పుడే తెలుగులో పంచాయతీ నోటీసుబోర్డుకూ చేరాలి. ఎవరి క్రియాటినిన్ ఎంతో రాసిన చీటీ మాత్రం బోర్డుకు కాదు, ఎవరిది వారి చేతికే అందాలి.