లారీ మీద ఇల్లు కట్టే ముందు



పోయిన నెల కళ్యాణదుర్గం వైపు ఒక పల్లె నుండి ఒక తండ్రి రాసిన ఉత్తరం నాకు అందింది. ఆయన రిటైరైన ఉపాధ్యాయుడు. కుమారుడు బెంగళూరులో పదేళ్లు డీజిల్ మెకానిక్‌గా పనిచేసి ఊరికి తిరిగి వచ్చాడు. పాత పది టైర్ల లారీ ఒకటి కొని, దాని మీద నలుగురు వండుకుని పడుకోవడానికి వీలుగా ఒక గది కట్టి, దారి సరిగా లేని పల్లెలకూ తండాలకూ పోయి కంటి పరీక్షల శిబిరాలు పెట్టాలని ఆ అబ్బాయి కోరిక. దానికి కారణం లేకపోలేదు. వాళ్ల అవ్వకు రెండు కళ్లలోనూ శుక్లాలు వచ్చి, రెండేళ్లు మంచం దిగకుండా ఉండిపోయింది. ఆసుపత్రి ఉందని తెలియక కాదు, తీసుకుపోయి తీసుకొచ్చే మనిషి లేక. "ఉన్న మూడెకరాల్లో రెండెకరాలు అమ్మి డబ్బు ఇయ్యి నాయనా అంటున్నాడు. మంచి పనికి అడ్డుపడిన పాపం నాకెందుకు అనిపిస్తుంది. పొలం పోతే ఎట్లా అనిపిస్తుంది. ఏం చేయమంటారు?" అని ఆయన అడిగారు.

అన్నగారూ, మీ ప్రశ్నకు జవాబు చివర చెబుతాను. ముందు నా సంగతి వినండి.

చాలా ఏళ్ల క్రితం మేము కొందరు మిత్రులం ఇలాంటి ఉత్సాహంతోనే ఒక పాత లారీ కొన్నాం. దాని మీద ఇనుప చట్రం, ప్లైవుడ్ గోడలతో ఒక గది కట్టించాం. గట్టిగా ఉండాలని గదిని లారీ ఛాసిస్‌కు చుట్టూ వెల్డింగు చేయించాం. మొదటి ప్రయాణంలోనే ఒక వంక దాటుతుండగా ముందు చక్రం గుంతలో దిగింది, వెనుక చక్రం బండ మీదికెక్కింది. ఫట్‌మని పెద్ద చప్పుడు. దిగి చూస్తే తలుపు బిగుసుకుపోయింది, కిటికీ అద్దం పగిలింది, మూలన వెల్డింగు చీలింది. రెండు శిబిరాలు చేసి ఆ బండిని పక్కన పెట్టేశాం. చందా ఇచ్చినవారి ముఖం చూడలేక చాలాకాలం బాధపడ్డాం. తప్పు ఎవరిదో కాదు, మాదే. పని మంచిదైతే చాలుననుకున్నాం, లెక్క వేసుకోలేదు. గోపురం కట్టబోయేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోవాలన్న ఉపమానం ఎన్నోసార్లు విన్నవాళ్లమే అయినా!

మా గది ఎందుకు చీలిందో ఒక పాత బాడీబిల్డరు తర్వాత చెప్పాడు. లారీ ఛాసిస్ అంటే రెండు పొడుగాటి ఇనుప దూలాలు, మధ్యలో అడ్డపట్టీలు, నిచ్చెన మాదిరి. ఎగుడుదిగుడు నేల మీద అది మెలి తిరుగుతుంది. అలా తిరిగితేనే నాలుగు చక్రాలూ నేలను అంటిపెట్టుకుని ఉంటాయి. గది మాత్రం పెట్టెలాంటిది, మెలి తిరగదు. రెంటినీ కలిపి బిగిస్తే ఏదో ఒకటి విరగక తప్పదు. మరి దారి ఏమిటి? మన ఆడవాళ్లకు తెలిసిన దారే. పొయ్యికి రాళ్లు ఎన్ని పెడతారు? మూడు. నేల ఎంత వంకరగా ఉన్నా మూడు రాళ్ల మీద కుండ ఊగదు. నాలుగు కోళ్ల మంచం మాత్రం ఎప్పుడూ ఒక కోడు లేచే ఉంటుంది. అలాగే గదిని ఒక అడుగు చట్రం మీద కట్టి, ఆ చట్రాన్ని ఛాసిస్ మీద మూడు చోట్ల ఆనేలా పెట్టాలి. రెండు చోట్ల గట్టిగా, మూడోచోట మధ్యలో అటూ ఇటూ తిరిగే కీలు. జర్మనీలో 1948 నుండి వ్యవసాయ పనులకోసం తయారవుతూ వచ్చిన యూనిమోగ్ బండ్ల మీద గదులు కట్టుకుని ఎడారులు దాటేవారు పాటించేది ఈ పద్ధతే. ఇంకొక జాగ్రత్త: ఛాసిస్ దూలాల పై అంచుకూ కింది అంచుకూ బెజ్జాలు వేయనివ్వకండి, వెల్డింగు పెట్టనివ్వకండి. దూలం బలమంతా ఆ అంచుల్లోనే ఉంది.

ఇక బరువు సంగతి. సంఖ్యాకాండము ఏడవ అధ్యాయం తీసి చూడండి. ప్రత్యక్ష గుడారపు సేవకు ఆరు బండ్లు, పన్నెండు ఎద్దులు వచ్చాయి. మోషే వాటిని సమానంగా పంచలేదు. తెరలూ బట్టలూ మోసే గెర్షోనీయులకు రెండు బండ్లు, పలకలూ స్తంభాలూ దిమ్మలూ మోసే మెరారీయులకు నాలుగు బండ్లు ఇచ్చాడు. భుజాల మీద మోయవలసిన కహాతీయులకు ఒక్కటీ ఇవ్వలేదు. బండి ముందు కాదు, మోయవలసిన సామాను ముందు. గుడారం కూడా ఒకే ముద్దగా లేదు. ఊడదీసి, భాగాలుగా మోసి, దిగిన చోట మళ్లీ నిలబెట్టేవారు. అరణ్యంలో ప్రయాణానికి అదే తగిన పద్ధతి.

అబ్బాయి కూడా అలాగే ఒక కాగితం తీసుకుని రాయాలి. ఉదాహరణకు, గది 1,500 కిలోలు, నీళ్లు 400, మంచాలూ అల్మారాలూ 300, బ్యాటరీలు 150, సోలార్ పలకలు 60, అదనపు టైరూ పనిముట్లూ 250, శిబిరం సామాను 200, నలుగురు మనుషులు 260. మొత్తం 3,120 కిలోలు. ఇది నా అంచనా మాత్రమే. వస్తువు వస్తువుకూ అసలు బరువు తూచి రాసుకోవాలి. అయినా ఒక సంగతి ఇప్పుడే తెలిసిపోతుంది. మూడు టన్నుల సామానుకు పది టైర్ల లారీ అక్కరలేదు. మధ్యరకం ఆరు టైర్ల లారీ చాలు. డీజిల్ తక్కువ, టైర్ల ఖర్చు తక్కువ, ఇరుకు సందుల్లో తిరగడం సులభం. అన్నగారూ, ఈ ఒక్క కాగితమే మీ పొలంలో కొంత భాగాన్ని కాపాడుతుంది. అన్నీ ఎక్కించాక వేబ్రిడ్జి మీద ముందు చక్రాలు ఒకసారి, వెనుక చక్రాలు ఒకసారి విడివిడిగా తూయించాలి. ఆర్.సి. పుస్తకంలో రాసిన బరువే హద్దు.

మన అనంతపురం సీమలో నీళ్ల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే చోట, శిబిరానికి వెళ్లినవాళ్లు ఊరివాళ్ల బిందెల ముందు వరుసలో నిలబడకూడదు. మన నీళ్లు మనమే తీసుకుపోవాలి. మనిషికి రోజుకు 20 లీటర్లు అనుకుంటే నలుగురికి అయిదు రోజులకు 400 లీటర్లు. లీటరు నీళ్లు కిలో బరువు. సగం నిండిన పెద్ద ట్యాంకులో నీళ్లు మలుపులో ఒక పక్కకు కొట్టుకుని బండిని ఊపేస్తాయి. కాబట్టి ఒకే పెద్ద ట్యాంకు వద్దు. రెండు చిన్నవి, లోపల అడ్డుపలకలతో, ముందు వెనుక చక్రాల మధ్య, ఎంత కిందికి వీలైతే అంత కిందికి పెట్టాలి. ఒకటి కారిపోయినా రెండోది మిగులుతుంది.

ఎండ సంగతి మీకు చెప్పనక్కరలేదు. రేకు గది ఏప్రిల్, మే నెలల్లో పెనం అవుతుంది. కప్పు మీద జానెడు ఖాళీ వదిలి రెండో కప్పు వేసి, తెల్ల రంగు పూయాలి. గోడల్లో వేడిని ఆపే పఫ్ పలకలు వాడాలి. ఎదురెదురుగా కిటికీలు ఉండాలి. ఆ పలకలకు నిప్పంటుకుంటే విషపు పొగ వస్తుంది గనుక వంట బయట పందిరి కింద చేసుకోవడమే మేలు. గ్యాసు సిలిండరు గది లోపల వద్దు. బయటినుండి తెరిచే అరలో పెట్టి, ఆ అర అడుగున బెజ్జాలు ఉంచాలి. వంటగ్యాసు గాలికంటే బరువు, కారితే కిందికే దిగుతుంది. గది దీపాలకు వేరే బ్యాటరీ ఉండాలి. లారీ స్టార్టుచేసే బ్యాటరీని తాకితే తెల్లవారి బండి కదలదు.

దారులు చూద్దాం. కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు హగరి ఒడ్డున ఇసుక మేటలున్నాయి. తాడిపత్రి, గుత్తి వైపు నల్లరేగడి వాన పడితే చక్రాన్ని పట్టుకుని వదలదు. ఇసుకలో టైర్ల గాలి కొంత తగ్గిస్తే అడుగు వెడల్పై బండి తేలుతుంది. గట్టి నేలకు రాగానే మళ్లీ నింపుకోవాలి. ఎయిర్ బ్రేకులున్న లారీలో ఆ ట్యాంకు నుండే గాలి పట్టుకోవచ్చు. నాలుగు చక్రాలూ లాగే బండే కావాలని అబ్బాయి పట్టుబట్టవచ్చు. అశోక్ లేలాండ్ స్టాలియన్ వంటివి సైన్యం వాడే మంచి బండ్లే. కానీ చిన్న టౌనులో విడిభాగం దొరికే బండే మనకు మంచి బండి. రేగడిలో వాన పడితే ఒక రోజు ఆగడం నేర్చుకుంటే చాలు. ఊళ్లలో కిందికి వేలాడే కరెంటు తీగలూ, రైల్వే వంతెనలూ గుర్తుంచుకుని గది ఎత్తు నిర్ణయించండి.

చట్టం కూడా ఉంది. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషనులో ఉన్న వివరాలకు భిన్నంగా బండిని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. ఇనుము కొనకముందే ఆర్.టి.ఓ. కార్యాలయానికి కొలతల పటం తీసుకుపోయి అడగండి, జవాబు కాగితం మీద తీసుకోండి. బండి కదిలేటప్పుడు వెనుక గదిలో ఒక్కరూ ఉండకూడదు. మా గది చీలిన రోజు లోపల ఎవరూ లేరు. అది దేవుని దయే గాని మా జాగ్రత్త కాదు.

ఇది ఎవరూ చేయని పని కాదు. బోర్లు వేయడానికి తిరుచెంగోడు నుండి వచ్చే లారీలను మీరు చూసే ఉంటారు. ఒక బండి మీద యంత్రం, వెంట ఇంకో బండిలో రాడ్లూ సామానూ. ఆ మనుషులు నెలల తరబడి అక్కడే వండుకుని అక్కడే నిద్రపోతారు. అబ్బాయి వారితో ఒక పూట కూర్చుంటే చాలా నేర్చుకుంటాడు. చెన్నైలోని శంకర నేత్రాలయ వారు ఐ.ఐ.టి. మద్రాసు తోడ్పాటుతో రెండు బస్సుల కంటి ఆసుపత్రి తయారుచేశారు. ఒకదానిలో రోగిని సిద్ధం చేస్తారు, రెండోదానిలో ఆపరేషను చేస్తారు. ఊరు చేరాక రెంటినీ కలుపుతారు. అంత పని మన గదిలో తలపెట్టకూడదు. మన పని పరీక్షించడం, తర్వాత మనిషిని ఆసుపత్రికి తీసుకుపోయి ఇంటికి తెచ్చి దింపడం. ప్రభుత్వ 104 బండి మన రాష్ట్రంలో 2008లో మొదలైంది. 2020 జూలై 1న విజయవాడలో 108, 104 సర్వీసులకు కలిపి వెయ్యికి పైగా వాహనాలను ప్రారంభించారు. ఏ ఊరికి ఆ బండి ఎప్పుడు వస్తుందో ముందు కనుక్కుని, ఎవరూ పోని ఊళ్లే ఎంచుకోండి.

అన్నగారూ, ఇప్పుడు మీ ప్రశ్నకు వస్తాను. పొలం అమ్మకండి. అబ్బాయిని కాదనకండి. పనిని మూడు మెట్లుగా చేయించండి.

మొదటి మెట్టు, కళ్లంలో ముగ్గుపిండితో 14 అడుగుల పొడవు, 7 అడుగుల వెడల్పు గీత గీయండి. అందులోనే రెండు మంచాలు, పొయ్యి, నీళ్ల డబ్బాలు, సామాను పెట్టుకుని నలుగురూ మూడు రోజులు గడపండి. ఏది ఎక్కువో ఏది తక్కువో అప్పుడు తెలుస్తుంది. తర్వాత వంటకొక పెట్టె, పడకకొక పెట్టె, శిబిరానికొక పెట్టె చేయించి, ఒక గుడారంతో, అద్దె బండిలో ఒక ఏడాది తిరగండి.

రెండో మెట్టు, పని నిలిస్తే గది కట్టండి. కంటైనర్లకు వాడే తాళాలతో అడుగు చట్రానికి బిగిసేలా, నాలుగు జాకీ కాళ్ల మీద విడిగా నిలబడేలా కట్టండి.

మూడో మెట్టు, అప్పుడు లారీ. గది విడిపోతుంది గనుక, వేరుశనగ కోతల నెలల్లో గదిని దింపి, లారీని కాయల బాడుగకు తిప్పవచ్చు. బండి తన డీజిల్ తానే సంపాదించుకుంటుంది. లారీ పాడైతే గది మిగులుతుంది. గది పాడైతే లారీ మిగులుతుంది. రెండూ పోయినా మీ పొలం మిగులుతుంది.

ఇంకొక్క మాట. మీ ఉత్తరంలో అవ్వకు ఆపరేషను అయిందో లేదో రాయలేదు. కాకపోతే బండి కోసం ఆగకండి. ఈ వారమే ఒక ఆటో మాట్లాడుకుని, మీ అబ్బాయినే తోడుగా పంపండి. అతని మొదటి శిబిరం అదే కావాలి. ఆమెకు చూపు వచ్చిందని రాస్తే ఈ పేజీలో అందరికీ చెబుతాను.

ప్రభువు కృప మీ ఇంటికి తోడై ఉండును గాక. వచ్చే నెల మళ్లీ కలుసుకుందాం.