స్పీడోమీటరు సూది తప్పు చెబితే

తిరునిన్రవూరు నుంచి ఒక సోదరులు వ్రాశారు. తండ్రిగారి నాటి అంబాసిడరు కారు యింట్లో వున్నదట. బండి చక్కగా నడుస్తుందిగాని, స్పీడోమీటరు సూది పూనకం వచ్చినట్టు ఊగిపోతుందట. "మీటరు మార్చేయమని నలుగురూ అంటున్నారు, మార్చమంటారా?" అని వారి ప్రశ్న.

తొందరపడి మార్చకండి అని మా జవాబు. అంబాసిడరు తయారీ 2014లో ఆగిపోయింది. మదరాసులో 1961 నుంచి తయారైన స్టాండర్డ్ హెరాల్డు అంతకు ఎన్నో ఏళ్ల ముందే నిలిచిపోయింది. అటువంటి బండ్లకు సరిపోయే మీటరు దొరకడం కష్టం, దొరికినా కొలత కుదరకపోవచ్చు. పైగా సూది ఊగుతున్నదంటే జబ్బు సాధారణంగా మీటరులో వుండదు, దానికి కదలికను మోసుకువచ్చే కేబులులో వుంటుంది.

అలాగని వూరుకోవడమూ మంచిది కాదు. పూసలార్ నాయనారు ఈ తిరునిన్రవూరులోనే మనస్సులో గుడి కట్టాడని తమిళ పెరియపురాణం చెబుతుంది. గుడి కట్టవచ్చునుగాని, బండి వేగాన్ని మనస్సులో కొలవడం మనవల్ల కాదు. వెడల్పాటి రోడ్డు మీద అరగంట పరుగెత్తి వూళ్లోకి వస్తే 60 కూడా 40 లాగే తోస్తుంది. బడి పిల్లలు రోడ్డు దాటేది అక్కడే.

మీటరు పనిచేసే తీరు చూడండి. గేరుబాక్సు నుంచి ఒక తీగ గొట్టంలో తిరుగుతూ మీటరు దాకా వస్తుంది. దాని కొసన మీటరు లోపల ఒక అయస్కాంతం తిరుగుతుంది. అయస్కాంతానికి తగలకుండా దానిపై ఒక అల్యూమినియం గిన్నె బోర్లించి వుంటుంది, సూది ఆ గిన్నెకే అతికి వుంటుంది. అయస్కాంతానికి అల్యూమినియం అంటుకోదు. కాని అయస్కాంతం తిరుగుతుంటే గిన్నెలో విద్యుత్తు సుడులు పుడతాయి. కవ్వం వెంట మజ్జిగ తిరిగినట్టు గిన్నె కూడా దాని వెంట తిరగబోతుంది. గడియారంలో వుండేటటువంటి సన్నని చుట్ట స్ప్రింగు దానిని వెనక్కు లాగుతుంది. ఈ రెండు లాగుళ్లూ సమానమైన చోట సూది నిలుస్తుంది. జర్మనీ దేశస్థుడు ఆటో షుల్జె ఈ పద్ధతికి 1902లో పేటెంటు పొందాడు. దూరం చెప్పే అంకెలు మాత్రం పళ్లచక్రాలతో నేరుగా తిరుగుతాయి. ఈ తేడా గుర్తుంచుకుంటే జబ్బు ఎక్కడున్నదో సగం తెలిసినట్టే.

సూదీ అంకెలూ రెండూ ఆగిపోతే కేబులు తెగి వుండాలి, లేదా గేరుబాక్సు దగ్గరి పళ్లు అరిగి వుండాలి. అంకెలు తిరుగుతూ సూది కదలకపోతే లోపం మీటరులోనిదే. సూది ఊగుతున్నా, కీచుమని చప్పుడు చేస్తున్నా కేబులు ఎండిపోయిందనో, మడత పడిందనో అనుకోవచ్చును.

సూది ఊగకుండానే తప్పు చెబుతున్నదని అనుమానమైతే తిరువళ్లూరు దారిలోని కిలోమీటరు రాళ్లే సాక్షులు. రద్దీ లేని వేళ ఒకే వేగంతో నడపండి. నడిపేవారు రోడ్డునే చూడాలి, గడియారం పక్కవారి చేతిలో వుండాలి. రాయికీ రాయికీ మధ్య పట్టిన సెకండ్లతో 3600ను భాగిస్తే గంటకు ఎన్ని కిలోమీటర్లో వస్తుంది. 90 సెకండ్లయితే 40, 72 అయితే 50, 60 అయితే 60. ఒక్క రాయితో తృప్తిపడక నాలుగైదు రాళ్ల సగటు తీయండి. సెల్‌ఫోను కూడా ఉపగ్రహాల సాయంతో వేగం చెబుతుంది, దానితోనూ సరిపోల్చుకోవచ్చును. దూరం అంకెలు సరిగా వుండి సూది ఒక్కటే తప్పితే లోపం మీటరులో వున్నది. రెండూ ఒకే పాళ్లలో తప్పితే టైర్ల కొలతో, గేరు పళ్లో మారి వుంటాయి.

ఇక కేబులు పని. మీటరు వెనక నట్టు విప్పి లోపలి తీగను మెల్లగా లాగండి. చదునైన బల్ల మీద పరిచి వేళ్లతో దొర్లించండి. సాఫీగా దొర్లితే మంచిదే. ఎక్కడైనా ఎగిరిపడితే అక్కడ మడత వున్నదన్నమాట, అటువంటి తీగకు మారు కొత్తది వేయించాలి. బాగున్న తీగను కిరసనాయిలుతో కడిగి, ఆరబెట్టి, పలుచని గ్రీజు కొద్దిగా పూయండి. మీటరు వైపు ఎనిమిది అంగుళాల మేర మాత్రం తుడిచివేయాలి. చాలామంది ధారాళంగా పూస్తారు. ఆ గ్రీజు పైకి పాకి గిన్నెకూ అయస్కాంతానికీ మధ్య చేరితే సూది లేని వేగాన్ని చూపుతుంది. తిరిగి బిగించేటప్పుడు గొట్టం గట్టిగా వంగకుండా చూడండి. వంపు అడుగు వెడల్పు చక్రం కంటె చిన్నది కాకూడదు. తెగిన తీగకు బదులు కొత్తది వేసేముందు మీటరు బిగుసుకున్నదేమో కూడా చూడాలి, లేకపోతే కొత్తదీ తెగుతుంది.

మీటరు లోపలి పని ఇంట్లో చేయదగినది కాదు. ఆ స్ప్రింగు వెంట్రుకంత సన్నం. తెలిసిన పనివాని చేతికి ఇవ్వండి. ఇంగ్లండు స్మిత్స్ కంపెనీ వారి మీటర్ల డయలు మీద చిన్న అంకె ఒకటి వుంటుంది. మైలు లెక్క డయలు మీద 1000 అని వుంటే మైలుకు కేబులు 1000 చుట్లు తిరగాలని అర్థం. పనివానికి ఆ అంకె తప్పక చూపించండి.

మరొక్క హెచ్చరిక. మన దేశంలో మెట్రిక్ కొలతల చట్టం 1956లో వచ్చింది. అయినా అటు తర్వాత తయారైన పాత బండ్లలో కూడా కొన్నింటి డయలు మైళ్లలోనే వుంటుంది. పెద్దలకు అది అలవాటే. కిలోమీటర్లు తప్ప ఎరుగని మనమడు ఆ బండి నడుపుతూ సూది 50 మీద వుంటే 50 కిలోమీటర్లే అనుకుంటాడు. నిజానికి బండి 80 మీద పోతూ వుంటుంది. మీటరులో ఏ లోపమూ లేకుండానే ప్రాణం మీదికి వచ్చే సంగతి ఇది. 30కి ఎదురుగా 48, 40కి ఎదురుగా 64, 50కి ఎదురుగా 80 అని ఒక చీటీ వ్రాసి డయలు పక్కన అంటించండి. తాళం చెవి ఇచ్చేముందు నోటితో కూడా చెప్పండి.

మీటరు మార్చక తప్పకపోతే పాత మీటరులోని దూరం అంకెను, మార్చిన తేదీని బండి కాగితాలతో వ్రాసిపెట్టండి. అమ్మేముందు అంకెను వెనక్కు తిప్పించమని సలహా ఇచ్చేవారు వుంటారు, వారి మాట వినకండి. ఆయిలు మార్చడానికీ, బ్రేకులు చూపించడానికీ ఆ అంకే ఆధారం. కొనేవారి కుటుంబం రేపు ఆ బ్రేకుల మీదే ప్రయాణం చేయాలి.

ఈ విషయమై ప్రశ్నలు వ్రాసేవారు బండి పేరు, తయారైన సంవత్సరం, డయలు మీది చిన్న అంకె తెలియజేయగోరుతున్నాము.