విజయపురి విద్యాదాత్రులు

తక్షశిల, నలందల పేరులు మన పాఠశాలలో చిన్నతరగతి బాలుడైనను చెప్పగలడు. కృష్ణాతీరమున వెలసిన విజయపురి మాట యెత్తినచో పైతరగతులవారును మిన్నకుందురు. అది క్రీస్తుశకము 3, 4 శతాబ్దములయందు ఇక్ష్వాకు రాజులకు రాజధాని. నేడు నాగార్జునకొండ యని మనము పిలుచు తావు అదియే.

ఆ లోయలోని శిథిలములు 1926లో బయల్పడినవి. నాగార్జునసాగరము కట్టుటకు పూనుకొనినప్పుడు 1954 మొదలు 1960 వఱకు త్రవ్వకములు విరివిగా సాగినవి. పిమ్మట లోయ నీట మునిగెను. కొన్ని కట్టడములను కొండమీదికిని, తీరమునందలి అనుపునకును తరలించిరి. ఆ కొండయే యిప్పుడు దీవి. అనుపులోని కట్టడములను జనులు విశ్వవిద్యాలయ మందురు. ఆ పేరు కొంచెము పెద్దదని మా తలంపు. పరీక్షలను గూర్చియు పట్టములను గూర్చియు శాసనములలో మాట లేదు. అవి భిక్షువులు వసించి, చదివి, బోధించిన విహారములు. అయినను సింహళ భిక్షువులకు అచట వేఱుగా విహారముండెననగా దాని కీర్తి యెంతదూరము ప్రాకినదో ఊహింపవచ్చును.

ఈ విహారములకు ధనమిచ్చిన వారెవరు? శాంతమూల మహారాజు అశ్వమేధము చేసిన వైదికుడు. మహాచైత్యమునకు పోషకురాలు ఆయన సోదరి శాంతిశ్రీ. బహుశ్రుతీయులను ఆచార్యశాఖకు విహారము కట్టించినది వీరపురుషదత్తుని రాణి భట్టిదేవి. వీరు అంతఃపురకాంతలు, వారికేమి యందురేమో! బోధిశ్రీ రాణి కాదు, ఒక ఉపాసిక. సింహళ ఆచార్యులకు చైత్యగృహము కట్టించి, సింహళ విహారమున బోధివృక్షమునకు ఆలయ మెత్తించి, తన దానములన్నిటిని వరుసగా శిలపై వ్రాయించెను. ఈ స్త్రీలు తాము ఏమి చదివిరో శాసనములు చెప్పవు. ఇతరుల చదువునకు నీడ కల్పించిరనుట మాత్రము నిశ్చయము.

మన జహీరాబాదు ప్రాంతమున "ఆడపిల్లకు ఇంక చదువేల?" అను మాట కొన్ని యిండ్లలో నేటికిని వినవచ్చుచున్నది. అడిగినచో పూర్వాచార మందురు. పూర్వమును సాక్ష్యముగా పిలుచువారు విజయపురిని విడిచిపెట్టుట న్యాయమా? అంతదూర మేల, మన పొరుగున మాచనూరులో 2008లో నెలకొన్న సంగం రేడియోను నడుపుటకు పూనుకొనినవారు గ్రామస్త్రీలే గదా!

పాఠశాల విహారయాత్ర యనగానే బాలుర పేరులు ఆనాడే అందును. బాలికల పేరులు ఇంటివారి అనుమతికై నిలిచిపోవును. కొందఱు పిల్లలు అడుగుటకే జంకుదురని ఉపాధ్యాయినులు చెప్పుచున్నారు. ఈమాఱు యాత్ర నాగార్జునకొండకు సాగవలెననియు, బాలబాలికలు సమానముగా పోవలెననియు మా కోరిక. బోధిశ్రీ కథను అచట మన బాలికయే తోడివారికి వినిపింపవలయును. తల్లిదండ్రులారా, ఉపాధ్యాయినులు వెంట నుందురు, భయము వలదు. దీవికి పడవపై పోవలసియున్నది గావున పేరులను ముందుగానే పంపుడు.