ఆటవిడుపు: నేల మీద పడిన భుజపట్టీ

ఈ శీర్షికన మనం ముచ్చటించుకునే ఫుట్‌బాల్ ఆటగాళ్లలో అత్యధికులు గోల్స్ చేసి కీర్తి గడించినవారే. గోల్ పడకుండా అడ్డుకున్నవాని పేరు మరునాటి దినపత్రికలో కానరావడం అరుదు. ఈ మాసం అటువంటి ఒక డిఫెండర్‌ను గురించి చెప్పుకుందాం. ఆయన పోర్చుగల్ దేశస్థుడైన జోర్జ్ కోస్టా.

1971 అక్టోబర్ 14న పోర్టో నగరంలో జన్మించిన కోస్టా, అదే నగరానికి చెందిన ఎఫ్.సి. పోర్టో క్లబ్బు నీడలో ఎదిగారు. 1991లో లిస్బన్‌లో బ్రెజిల్‌ను పెనాల్టీలలో ఓడించి ప్రపంచ యువజన ఛాంపియన్‌షిప్ గెలుచుకున్న పోర్చుగల్ జట్టులో ఆయన ఒకరు. లూయిస్ ఫీగో, రుయి కోస్టా వంటి లలితమైన ఆటగాళ్లు ఆ జట్టువారే. మన కోస్టా ఆటలో లాలిత్యం తక్కువ. బంతికి, గోలుకు నడుమ తన దేహాన్ని అడ్డుగోడగా నిలపడమే ఆయనకు తెలిసిన విద్య. అభిమానులు ఆయనను ‘బీషు’ అని పిలిచేవారు. పోర్చుగీసు భాషలో ఆ మాటకు జంతువు అని అర్థం. మన ఇళ్లలో పెద్దలు కోపం వచ్చినప్పుడు అనే మాటను అక్కడ ప్రేమతో అన్నారన్నమాట!

1995 నుండి 1999 వరకు పోర్టో క్లబ్బు వరుసగా ఐదు సార్లు దేశవాళీ లీగ్ విజేతగా నిలిచినప్పుడు రక్షణ పంక్తిలో ఆయన ఉన్నారు. ఆ కాలంలోనే ఒక చేదు ఉదంతం కూడా జరిగింది. 1996 నవంబర్‌లో ఇటలీకి చెందిన మిలన్ జట్టుతో పోటీ ముగిసిన పిమ్మట, మైదానం నుండి లోనికి వెళ్లే దారిలో లైబీరియా దేశపు మేటి ఆటగాడు జార్జ్ వేయా ఆయన ముఖంపై కొట్టగా ముక్కు ఎముక విరిగింది. కోస్టా తనను జాతిపరంగా దూషించాడని వేయా ఆరోపించారు. కోస్టా దానిని గట్టిగా ఖండించారు. ఆరోపణ రుజువు కాలేదు. వేయాపై ఆరు పోటీల నిషేధం పడింది. ఇది ఇరువురి జీవిత కథలలోను మచ్చగానే మిగిలింది. కోస్టాను గురించి వ్రాసేటప్పుడు దీనిని దాటవేయడం న్యాయం కాదు.

ఇక అసలు ఘట్టానికి వద్దాం. జట్టు నాయకుడు చేతికి ఒక పట్టీ ధరిస్తాడు. గుడ్డ ముక్కే అయినా దాని విలువ ఆటగాళ్లకే తెలుసు. 2001లో నాటి శిక్షకుడు ఒక పోటీ మధ్యలో కోస్టాను వెలుపలికి పిలిచినప్పుడు, ఆయన ఆగ్రహంతో ఆ పట్టీని తీసి నేల మీద విసిరివేశారు. నాయకుడైనవాడు చేయదగిన పని కాదది. ఆ మీదట ఇద్దరికీ పొసగలేదు. డిసెంబర్‌లో ఆయనను ఇంగ్లండ్‌లోని చార్ల్‌టన్ అథ్లెటిక్ క్లబ్బుకు ‘లోన్’ మీద పంపివేశారు. లోన్ అనగా ఏమిటో డెప్యుటేషన్ సంగతి ఎరిగిన మన పాఠకులకు వేరే వివరించనక్కరలేదు. కొందరిని అవసరం కొద్దీ పంపుతారు. మరికొందరిని కళ్ల ఎదుట లేకుంటే చాలునని పంపుతారు. కోస్టాది రెండవ కోవ.

ముప్పై ఏళ్ల వయసులో, పరాయి దేశంలో, పరాయి చొక్కా తొడుక్కుని ఆయన ముభావంగా కాలం వెళ్లదీయలేదు. ఒళ్లు దాచుకోకుండా ఆడారు. అక్కడి ప్రేక్షకులు ఆయనకు ‘ట్యాంక్’ అని పేరు పెట్టారు. 2002 ప్రపంచ కప్‌లో మాత్రం కాలం కలిసి రాలేదు. అమెరికాతో జరిగిన పోటీలో బంతి ఆయనకు తగిలి సొంత గోలులోకే వెళ్లింది. పోర్చుగల్ 3-2 తేడాతో ఓడింది. మొత్తం 50 అంతర్జాతీయ పోటీలతో ఆయన దేశపు జట్టు నుండి విరమించారు.

ఈలోగా 2002 జనవరిలో జోసె మౌరీన్యో పోర్టో శిక్షకుడయ్యారు. ఆయన కోస్టాను వెనక్కు పిలిపించి నాయకత్వాన్ని మరల అప్పగించారు. మౌరీన్యో చెప్పిన ఒక సంగతి ఇక్కడ పేర్కొనదగినది. ఒక పోటీలో విరామ సమయానికి పోర్టో వెనుకబడి ఉన్నది. మండిపడుతూ ఆటగాళ్ల గదిలోకి పోబోతున్న శిక్షకుణ్ణి కోస్టా ద్వారం వద్ద ఆపి, కొద్దిసేపు బయటనే ఉండమని కోరారట. లోపల తన సహచరులతో ఏమన్నారో గాని, రెండవ భాగంలో స్వయంగా గోల్స్ చేసి జట్టును గెలిపించారు. ఒకనాడు పట్టీ విసిరివేసినవానిని నమ్మి గది వెలుపల నిలబడిన శిక్షకుని ఔదార్యం కూడా తక్కువది కాదు.

ఆ నమ్మకం వృథా పోలేదు. 2003 మే 21న స్పెయిన్‌లోని సెవిల్‌లో సెల్టిక్‌పై 3-2తో యూఎఫా కప్, 2004 మే 26న జర్మనీలోని గెల్సెన్‌కిర్షెన్‌లో మొనాకోపై 3-0తో ఛాంపియన్స్ లీగ్ పోర్టో వశమయ్యాయి. 1987 తర్వాత ఆ క్లబ్బు యూరప్ విజేత కావడం అదే ప్రథమం. రెండు సార్లూ నాయకుడు కోస్టాయే. అప్పటికి ఆయన లీగ్ విజయాలు ఎనిమిది. 2006లో బెల్జియంకు చెందిన స్టాండర్డ్ లియేజ్ క్లబ్బులో ఆట చాలించారు.

తదుపరి ఆయన శిక్షకునిగా పలు దేశాలు తిరిగారు. రుమేనియా, సైప్రస్, గాబన్ వగైరా. 2018లో మన దేశానికి వచ్చి ముంబై సిటీ జట్టు బాధ్యత చేపట్టిన సంగతి మనలో కొందరికైనా జ్ఞాపకం ఉండవచ్చును. తొలి ఏడాది ఆ జట్టు ఇండియన్ సూపర్ లీగ్ సెమీఫైనల్ చేరి, గోవా చేతిలో ఓడింది. మరుసటి ఏడాది హైదరాబాద్ జట్టుతో గచ్చిబౌలి మైదానంలో తలపడిన ముంబై జట్టుకూ ఆయనే శిక్షకుడు. 2020 మార్చిలో ఆ కొలువు ముగిసింది.

2024లో పోర్టో క్లబ్బుకు ఆంద్రే విలాస్-బోవాస్ అధ్యక్షుడైనప్పుడు, కోస్టా ఫుట్‌బాల్ విభాగపు డైరెక్టరుగా మాతృసంస్థకు తిరిగి వచ్చారు. 2025 ఆగస్ట్ 5న క్లబ్బు శిక్షణ కేంద్రంలో విధులలో ఉండగానే గుండె ఆగి కన్నుమూశారు. వయస్సు 53 సంవత్సరాలు. అదే రోజు మరొక దేశపు జట్టు శిక్షకునిగా విలేఖరుల ఎదుట కూర్చున్న మౌరీన్యో, ఆయన పేరెత్తి కంటతడి పెట్టారు. పోర్టో ప్రజలు తమ ‘బీషు’ను కడసారి చూచుకొనేందుకు క్లబ్బు స్టేడియం వద్ద బారులు తీరారు.