అర్ధరాత్రి సూర్యుడు, క్రాప్ చేసిన మనుషులు

మొన్న ఒక మెసేజ్ వచ్చింది. "అన్నా, యాత్రా వ్యాసాల సంకలనం వేస్తున్నాం. మీ ఆర్కిటిక్ వ్యాసం కావాలి. ఆ ఏకాంతం, ఆ నిశ్శబ్దం... అద్భుతం."

2018లో రాసిన వ్యాసం అది. స్వీడన్‌లో ఉద్యోగం చేసే రోజుల్లో, జులై మొదటి వారంలో నాలుగు రోజులు సెలవు పెట్టి, మా ఆవిడా నేనూ స్టాక్‌హోమ్‌లో రాత్రి రైలెక్కి అబిస్కో వెళ్ళొచ్చాం. ఆర్కిటిక్ వలయానికి దాదాపు 200 కిలోమీటర్లు పైన ఉంటుందా ఊరు. మే చివరి నుంచి జులై సగం దాకా అక్కడ సూర్యుడు అస్తమించడు. తిరిగొచ్చిన మూడో రోజుకే వ్యాసం రాసి పడేశాను. బాగా తిరిగింది కూడా.

మెసేజ్ చూశాక మళ్ళీ చదివాను. "మనుషులే లేని నేల" అన్న మాట మూడు సార్లుంది. "భూమి అంచు" రెండు సార్లు. "నాతో నేను" ఎన్నిసార్లుందో లెక్కపెట్టడానికి సిగ్గేసింది.

ఈ జబ్బు నా ఒక్కడిదే అయితే ఇంత రాయనక్కర్లేదు. ఉత్తర ధ్రువం వైపు వెళ్ళొచ్చిన మనవాళ్ళ యాత్రా రచనలు వరసగా పెట్టుకుని చదవండి. నార్వే కావచ్చు, ఫిన్లాండ్ కావచ్చు. సూర్యుడు ఉంటాడు, మంచు ఉంటుంది, రాసినవాడి ఆత్మ ఉంటుంది. అక్కడ వేల ఏళ్ళుగా బతుకుతున్న సామీలు మాత్రం ఉండరు. ఉంటే రంగురంగుల బట్టల్లో, ఒక ఫోటో కింద, ఒక వాక్యంలో. దాన్ని మనం కవితాత్మకం అని మెచ్చుకుంటాం. నేనైతే ఇప్పుడు దాన్ని బద్ధకం అంటాను. ఇంకాస్త గట్టిగా అనాలనుంది గానీ, ముందు నా సంగతి చెప్పుకోవాలి.

నా వ్యాసంలో అందరూ మెచ్చుకున్న పేరా ఒకటుంది. రెండు కొండల మధ్య ఊయల తొట్టిలా వంగిన లోయ, దాని మీద రాత్రి వెలుగు. లోయ పేరు లాపోర్టెన్ అని స్టైలుగా రాశాను. స్వీడిష్‌లో దానర్థం లాప్‌ల ద్వారం. "లాప్" అనేది సామీలని బయటివాళ్ళు పిలిచిన పేరు, ఈసడింపు కలిసిన పేరు. సామీ భాషలో ఆ లోయ పేరు చువోన్యావాగ్గి, పెద్దబాతుల లోయ. అంటే మనుషులే లేరని రాసిన పేరాలోనే ఒక జాతిని తిట్టే పేరుంది. రాసినవాడికి తెలీలేదు. చదివినవాళ్ళకీ తెలీలేదు, లైకులు మాత్రం కొట్టారు.

సరే, ఆ రాత్రి సంగతి. అర్ధరాత్రి సూర్యుడు నిజానికి పన్నెండింటికి అట్టడుగుకి దిగడు. వేసవి గడియారం ఒక గంట ముందుకి జరిగుంటుంది కదా, అబిస్కోలో ఆ ఘడియ ఒంటిగంటకి పది నిమిషాల ముందు. నేను పదకొండున్నరకే బాట వదిలి గుట్టెక్కాను. దూరంగా ఒక రెయిన్‌డీర్ మంద కనిపించింది, ఆడవీ పిల్లలూ. ఫ్రేములోకి వస్తే బావుంటుందని కాస్త దగ్గరికి నడిచాను. తర్వాత ఇంకాస్త. మంద ఒక్కసారిగా బెదిరి, విడిపోయి, కింది లోయలోకి పరిగెత్తింది.

అప్పుడు చూశాను ఆమెని. ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలీదు. రబ్బరు బూట్లు, భుజాన చుట్టిన తాడు, చేతిలో వాకీటాకీ. ఇంగ్లీషులో చాలా మామూలుగా, "దయచేసి కూర్చోండి" అంది. కూర్చున్నాను. ముప్పావుగంట కదల్లేదు. దోమలు చంపేస్తున్నా చెయ్యెత్తడానికి భయమేసింది. ఆమె వాకీటాకీలో ఎవరితోనో మాట్లాడుతూ, గుట్ట పక్కగా దిగి వెళ్ళిపోయింది.

తర్వాత తెలుసుకున్నది: వేసవి నడుమ ఆ ఏడు పుట్టిన పిల్లలకి చెవి గాట్లు పెడతారు. ఏ గాటు ఎవరి కుటుంబానిదో అదే గుర్తు. పిల్ల ఎవరిదో తేల్చేది తల్లి వెంట నడవడాన్ని బట్టే. తల్లీ పిల్లా విడిపోతే లెక్క తప్పుతుంది. పగటి ఎండలో ఈ పని చేస్తే జంతువులు వేడికి తట్టుకోలేవు, అందుకని రాత్రి చల్లబడ్డాక చేస్తారు. రాత్రి పని చెయ్యాలంటే వెలుతురు కావాలి. ఆ వెలుతురే నేను టికెట్టు కొనుక్కుని చూడ్డానికి పోయిన అర్ధరాత్రి సూర్యుడు. నేను ఏకాంతం అని రాసిన గంట ఆమెకి నైట్ షిఫ్టు. మధ్యలో దూరి పని చెడగొట్టి వచ్చి, ఆ నేల మీద మనుషులు లేరని మూడు సార్లు రాశాను. ఆమె వ్యాసంలో లేదు. తీసేశాను. ఏకాంతానికి అడ్డమని.

"సెలవు మీద పోయినవాడు కాస్త సూర్యుణ్ణి చూసి ఆనందించకూడదా? ట్రావెలాగ్ అంటే సోషల్ పాఠమా?" అని అడుగుతారు. ఆనందించండి. నేనూ ఆనందించాను, ఆ వెలుగు ఇప్పటికీ కలలోకొస్తుంది. నా పేచీ ఆనందంతో కాదు, అచ్చులో పెట్టిన అబద్ధంతో. 1830లో ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు నుంచి కాశీకి బయల్దేరాడు. దేవుడి కోసం పోయినవాడు. అయినా మజిలీ మజిలీకీ ఊరెంతది, దారెలా ఉంది, నీళ్ళెలాంటివి, ఏమేం దొరుకుతాయి అని రాసుకుంటూ పోయాడు. మన యాత్రా రచన మొదలైంది అక్కడ. సెల్ఫోనూ ఇంటర్నెట్టూ చేతిలో ఉన్న మనం ఆయనకంటే తక్కువ చూస్తున్నాం.

నాలుగు రోజుల్లో ఏం తెలుస్తుందంటారా? రైలు కిటికీ దగ్గరే చాలా తెలిసేది, చూసుంటే. ఆ పట్టాలు 1903లో కిరునా ఇనుప ఖనిజాన్ని నార్వే రేవుకి చేర్చడానికి వేసినవి. ఇప్పటికీ 68 వ్యాగన్ల ఖనిజం బళ్ళు మన బండిని ఆపి మరీ పోతుంటాయి. నా వ్యాసంలో అవి "నిశ్శబ్దాన్ని చీల్చే రైళ్ళు". కిరునా అన్న పేరు కూడా సామీ మాటే, గిరోన్, మంచుకోడి లాంటి ఒక పిట్ట. గని కింద నేల కుంగుతోందని ఆ ఊరి నడిబొడ్డునే తరలిస్తున్నారు; 2025 ఆగస్టులో చర్చిని యథాతథంగా చక్రాల మీద 5 కిలోమీటర్లు జరిపారు. ఆ వీడియో మీరూ చూసే ఉంటారు. ఆ పక్కనే అరుదైన ఖనిజాల పెద్ద నిల్వ ఉందని 2023 జనవరిలో ప్రకటించారు, యూరప్ అంతా పండగ చేసుకుంది. అక్కడ గని తవ్వితే తమ మందలు వలస పోయే దారి తెగిపోతుందని గాబ్నా అనే సామీ సముదాయం అంటోంది. ఈ రెండో వార్త మన ఫీడుల్లోకి పెద్దగా రాలేదు.

ఖాళీ నేల అన్న మాట ఉత్త వర్ణన కాదు, నేను చెప్పొచ్చింది అదే. ఆ మాటతో పనులు జరుగుతాయి. స్వీడన్ 1909లో జాతీయ పార్కులు పెట్టింది, అబిస్కో అందులో ఒకటి, స్టోరా షోఫాలెట్ ఇంకొకటి. పదేళ్ళకి, 1919లో, ఆ రెండో పార్కు నుంచి ఒక ముక్క కోసి సువోర్వా దగ్గర ఆనకట్ట మొదలెట్టారు. దాన్ని తర్వాత మళ్ళీ మళ్ళీ ఎత్తు పెంచారు. సామీల ఇళ్ళూ మేత నేలలూ మునిగాయి.

ఇది చదివినప్పుడు నాకు పేరంటాలపల్లి గుర్తొచ్చింది. మాది రాజమండ్రి. చిన్నప్పటి నుంచీ ఎన్నిసార్లు లాంచీలో పాపికొండలు పోయామో. కొండరెడ్ల దగ్గర వెదురు బొమ్మలు బేరమాడి కొన్నాం. పోలవరం నీళ్ళు వాళ్ళ ఇళ్ళలో ఎక్కడిదాకా వస్తాయో అడిగినట్టు గుర్తు లేదు. ఈ చూపు నేను స్వీడన్‌లో నేర్చుకోలేదు. ఇంటి నుంచే పట్టుకెళ్ళాను.

సామీలని అసలు చూడలేదు అనడం కూడా తప్పు. చాలా చూశారు. 1922లో ఉప్సాలాలో జాతి జీవశాస్త్ర సంస్థ పెట్టి, తలలు కొలిచి, ఫోటోలు తీశారు. నిల్స్-అస్లాక్ వల్కెయపా అనే సామీ కవి 1988లో ఒక పుస్తకం తెచ్చాడు. పేరు 'సూర్యుడు, నా తండ్రి' అని చెప్పుకోవచ్చు. ఎక్కడెక్కడి ఆర్కైవుల్లోనో పడున్న తనవాళ్ళ పాత ఫోటోలు వెతికి తెచ్చి, కవితల మధ్య కుటుంబ ఆల్బంలా పెట్టాడు. 1991లో నార్డిక్ కౌన్సిల్ సాహిత్య బహుమతి వచ్చింది. అయితే అనువాదాల్లో ఆ ఫోటోలు ఉండవు. రెయిన్‌డీర్ మంద పేజీల మీద నడిచిపోయే కవిత ఇంగ్లీషులో కూడా సామీలోనే వదిలేశారు. కొన్ని మీకు కాదు అన్నట్టు. మందలోకి కెమెరా పట్టుకుని నడిచిన నాకు ఆ సంగతి చెంపదెబ్బలా తగిలింది.

అబిస్కో పక్కన పరుచుకున్న టోర్నెట్రెస్క్ సరస్సు ప్రాంతంలోనే యోహాన్ తూరి కూర్చుని రాసిన పుస్తకం 1910లో వచ్చింది, సామీ రాసిన తొలి మతేతర సామీ పుస్తకం అది. తోడేళ్ళని వేటాడేవాడు పెన్ను పట్టుకున్నాడు. మా బతుకు తెలిస్తే పాలకులు ఇంత వంకరగా చూడరేమో అన్నది ఆయన ఆశ. నూట ఎనిమిదేళ్ళ తర్వాత నేను ఆ సరస్సు ఒడ్డునే కూర్చుని "మనుషులే లేని నేల" అని డైరీలో రాసుకున్నాను.

ఆ వ్యాసానికి పెట్టిన ఫోటో అసలు కాపీ ఇప్పటికీ నా దగ్గరుంది. కింద కుడి మూలన పరిగెత్తుతున్న మంద ఉంటుంది, చిన్న మరకలా. దాని పక్కన ఇంకా చిన్నగా ఒక మనిషి. వ్యాసంలో వేసినప్పుడు ఆ మూల కోసేశాను. ఆమె మొహం అసలేమీ కనపడదు, చుక్కంత ఉంటుంది.

సంకలనం వేసే తమ్ముడికి జవాబు రాశాను. వ్యాసం వెయ్యాలంటే కొయ్యని ఫోటోతో వెయ్యండి, ఇప్పుడు రాసింది కూడా దాని వెనకే వెయ్యండి అని. "పేజీలు చూసి చెప్తా అన్నా" అన్నాడు. ఇంకా చెప్పలేదు.