ఒకే ఫైలు నాలుగు చోట్ల ఎందుకు?

చివ్వెంలలో పుట్టిన ఇరవై ఏడేళ్ల కుర్రాడికి ఊరు కదలకుండానే మూడు చిరునామాలు. 2014 జూన్ 2 దాకా ఆంధ్రప్రదేశ్, నల్గొండ జిల్లా. ఆ తర్వాత తెలంగాణ, నల్గొండ జిల్లా. 2016 అక్టోబర్ 11 నుంచి సూర్యాపేట జిల్లా. ఊళ్లో బండ్ల నంబర్ ప్లేట్లు చూసినా ఇదే కథ: ఏపీ 24, టీఎస్ 05, టీఎస్ 29, 2024 నుంచి టీజీ 29.

మనుషులు దీనికి అలవాటు పడిపోయారు. సాఫ్ట్‌వేర్ ఇంకా పడలేదు. ఇప్పటికీ ఏదో ఒక ఆన్‌లైన్ ఫారంలో జిల్లాల లిస్టు తెరిస్తే సూర్యాపేట దొరకదు. సర్టిఫికెట్‌లో సూర్యాపేట, అప్లికేషన్‌లో నల్గొండ. "అదే కొట్టు తమ్మీ, ఏం గాదు" అంటాడు ఇంటర్నెట్ సెంటర్ అన్న. సర్టిఫికెట్ల వెరిఫికేషన్ రోజున కౌంటర్ అవతల కూర్చున్నాయన అలా అనకపోవచ్చు.

దీన్ని నిర్లక్ష్యం అని తిట్టేసి ఊరుకోవచ్చు. నా లెక్కలో ఇది కాపీ-పేస్ట్ జబ్బు. నేను చేరిన మొదటి కంపెనీలో (పేరెందుకు లెండి) నాలుగు ప్రాజెక్టులకు జిల్లాల ఫైలు కావాల్సొచ్చింది. మొదటి టీమ్ కూర్చుని టైప్ చేసింది, మిగతా మూడు టీమ్‌లూ దాన్నే కాపీ కొట్టుకున్నాయి. 2019లో ములుగు, నారాయణపేట వచ్చి తెలంగాణ జిల్లాలు 33 అయ్యాయి. 2021లో వరంగల్ అర్బన్ కాస్తా హనుమకొండ అయింది. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. కోదాడ దాటగానే వచ్చే జగ్గయ్యపేట కృష్ణా నుంచి ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్లింది. ఏ మార్పొచ్చినా నాలుగు చోట్ల దిద్దాలి, ఏదో ఒక టీమ్ మర్చిపోయేది. విచిత్రం ఏంటంటే నాలుగు ప్రాజెక్టులూ గిట్‌లోనే ఉన్నాయి. నాలుగు కాపీల చరిత్రనూ గిట్ భద్రంగా దాచిపెట్టింది. ఇవన్నీ ఒకే ఫైలని దానికి చెప్పినవాళ్లే లేరు.

చెప్పడానికి దారి 2007 నుంచే ఉంది. దాని పేరు సబ్‌మాడ్యూల్. జిల్లాల ఫైలుకు సొంతంగా ఒక రిపాజిటరీ పెడతాం. మిగతా ప్రాజెక్టుల రిపాజిటరీల్లో "ఫలానా రిపాజిటరీ, ఫలానా కమిట్" అని చీటీ మాత్రమే ఉంటుంది. అసలు విషయమంతా ఆ చీటీలోనే ఉంది. అక్కడెవరో ఫైలు మార్చినంత మాత్రాన మీ ప్రాజెక్టు మారిపోదు. కొత్త కమిట్ తెచ్చుకుని, టెస్ట్ చేసి, చీటీ మార్చితేనే మారుతుంది. పాత మైక్రోసాఫ్ట్ విజువల్ సోర్స్‌సేఫ్‌లో ఇది తలకిందులు: షేర్ చేసిన ఫైలును ఒక ప్రాజెక్టులో చెక్-ఇన్ చేస్తే మిగతావాటిలోనూ మారిపోయేది, వద్దనుకున్నవాళ్లు పిన్ చేసుకోవాలి. సబ్‌మాడ్యూల్ పిన్‌తోనే మొదలవుతుంది. నా ఓటు దీనికే.

తిప్పలు లేవని కాదు. మామూలుగా క్లోన్ చేస్తే ఆ ఫోల్డర్ ఖాళీగా వస్తుంది. 'రికర్స్ సబ్‌మాడ్యూల్స్' అని విడిగా అడగాలి. కొత్తగా చేరినవాళ్లు కోడ్ పోయిందనుకుని కంగారుపడటం చాలాసార్లు చూశా. ఆ బాధ వద్దనుకుంటే సబ్‌ట్రీ ఉంది, ఫైళ్లు నేరుగా మీ రిపాజిటరీలోకే వచ్చేస్తాయి. గూగుల్ అయితే దాదాపు కోడంతా ఒకే రిపాజిటరీలో పెట్టుకుంది. 2016లో వాళ్ల ఇంజినీర్లే ఒక వ్యాసంలో దాని సైజు 86 టెరాబైట్లని రాశారు. దాన్ని మోయడానికి సొంత టూల్స్ కట్టుకున్నారు, మనకెందుకు ఆ బరువు!

"అందరూ ఒక్కదాని మీదే ఆధారపడితే, అది చెడితే అందరూ చెడరా?" అని సీనియర్లు అడుగుతారు. చెడతారు. 2018 ఫిబ్రవరిలో మన 'జ్ఞా' అక్షరమే, మధ్యలో కంటికి కనపడని ఒక గుర్తుతో వస్తే, ఐఫోన్లలో మెసేజెస్, వాట్సాప్ లాంటి యాప్‌లు కుప్పకూలాయి. అక్షరాలను తెరమీద గీసే కోడ్ యాప్‌లన్నింటికీ ఉమ్మడిది మరి. అదే కోడ్‌ను ఆపిల్ సరిచేసి ఫిబ్రవరి 19న 11.2.6 అప్‌డేట్ ఇస్తే, ఇన్‌స్టాల్ చేసుకున్న ఫోన్లలో యాప్‌లన్నీ ఒకేసారి బాగుపడ్డాయి. ఏ యాప్‌కి ఆ యాప్ సొంత కాపీ పెట్టుకుని ఉంటే ఎన్ని అప్‌డేట్లు కావాలో, ఎన్ని యాప్‌లను ఎవరూ పట్టించుకోకుండా వదిలేసేవారో మీరే ఊహించుకోండి.

అలాగని కనిపించిందల్లా పంచుకోవద్దు. ఒకచోట మారితే మిగతాచోట తప్పయ్యేదే పంచుకోవాలి. జిల్లాల జాబితా అలాంటిది. రెండు ప్రాజెక్టుల్లో యాదృచ్ఛికంగా ఒకేలా ఉన్న పది లైన్ల ఫంక్షన్‌ను హాయిగా కాపీ కొట్టండి, కొంపలేం మునగవు.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ నుంచి హైదరాబాద్ వస్తున్న పిల్లల రెజ్యూమెల్లో 'గిట్' అని తప్పకుండా ఉంటుంది. అడిగితే క్లోన్, కమిట్, పుష్ గడగడా చెప్తారు. ఫైనలియర్ ప్రాజెక్టు మాత్రం వాట్సాప్‌లో జిప్ ఫైలై తిరుగుతుంటుంది. వాళ్లనేం అనగలం? కాలేజీలో ఏ బ్యాచ్ ప్రాజెక్టు ఆ బ్యాచ్‌దే, ఇంకొకరితో ఫైలు పంచుకోవాల్సిన అవసరమే రాదు. లెక్చరర్లు ఒక్క సెమిస్టర్ ఇలా చేసి చూడాలి. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ వారి లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో జిల్లాలు, మండలాలు, గ్రామాల జాబితా కోడ్‌లతో సహా దొరుకుతుంది. అందులోంచి తెలంగాణ జాబితా దించి ఒక రిపాజిటరీలో పెట్టండి. రెండు బ్యాచ్‌లు దాన్నే వాడాలని చెప్పండి. రివ్యూకి రెండ్రోజుల ముందు అందులో ఒక్క లైను మార్చి, ఆ మార్పు రెండు ప్రాజెక్టుల్లోకీ ఎలా చేరిందో చూసి మార్కులేయండి.