పేరు వెంట పడకండి!

స్వీడన్‌లోని ఆండర్సన్‌లందరూ ఒకే వంశం వారనుకుంటున్నారా? కాదు! ఆండర్సన్ అంటే ఆండర్స్ కొడుకు, అంతే. పూర్వం అక్కడి పల్లెల్లో కార్ల్ ఆండర్సన్ కొడుకు కార్ల్‌సన్ అయ్యేవాడు, కూతురు కార్ల్స్‌డొట్టర్. తరానికొక పేరన్నమాట! పటాలంలో చేరినవాడికి ‘రాస్క్’, అంటే చురుకైనవాడు, వంటి కొత్తపేరు తగిలించేవారు. ఒకే దళంలో పదిమంది ఆండర్సన్‌లుంటే పిలవడమెలా మరి? 19వ శతాబ్ది చివర మొదలై, 1901 శాసనంతో ఇంటిపేర్లు స్థిరపడ్డాయి.

కనుక అక్కడ పూర్వీకులను వెదికేవారు పేరును నమ్ముకోరాదని నా అభిప్రాయం. 1686 నాటి చర్చి చట్టం మతగురువుల చేత పుట్టుకలు, పెళ్ళిళ్ళు, మరణాలు, రాకపోకలు రాయించింది. ఆ చిట్టాలలో పుట్టిన తేదీని, ఊరిని పట్టుకొని ఒక్కొక్క తరమే వెనక్కు నడవాలి. తొందరపడితే, పక్క ఊరి ఆండర్సన్ ఎవరో ముత్తాతై కూర్చుంటాడు!